కిటికీ తెరిచిన చెయ్యి

“దీని ఊపిరిలో ఈల వినిపిస్తోంది. నాకే వినిపిస్తోందా, మీకూ వినిపిస్తోందా?”

ఊపిరితిత్తుల ఆసుపత్రి వరండాలో, సింకు దగ్గర నిలబడి, రోగులు ఊదిన ప్లాస్టిక్ గొట్టాలు కడుగుతున్న ఆవిడని అడిగానీ మాట. ఆవిడెవరో నాకు తెలియదు. మూడేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని గంటన్నర నుంచి వరసలో ఉన్నాను. అడగడానికి ఎవరో ఒకరు దొరికితే చాలనిపించింది. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి, పాప వీపుకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది.

“ఉంది. సన్నగా ఉంది,” అంది. “పగలు పిల్ల ఎక్కడుంటుంది?”

పేరు అడగలేదు, వయసు అడగలేదు, ఎన్నాళ్ల నుంచి అని కూడా అడగలేదు. క్రెష్‌లో ఉంటుందన్నాను. ఏ రోడ్డంది. గిడ్డంగుల రోడ్డన్నాను.

“గేటు రోడ్డు వైపా, వెనక వైపా?”

“రోడ్డు వైపే.”

“లారీలు పోతుంటాయా, ఆగుతాయా?”

“ఆగుతాయి. గిడ్డంగి తలుపు తీసేదాకా ఇంజను ఆపకుండా నిలబడతాయి.”

ఆవిడ మొహంలో ఏమీ కదల్లేదు. “ఆ పొగతో ఏం కాదని రిపోర్టు వచ్చింది కదా తమ్ముడూ. చదివావా?”

చదివాను. ముప్పై నాలుగు పేజీలు, మూడుసార్లు. నేను కెమిస్ట్రీ చదివినవాణ్ణి, తాగునీటి పరీక్షల ల్యాబులో పని. అంకెలు చూసి భయపడే రకం కాదు. లారీలని ఆ రోడ్డు నుంచి మళ్లించమని క్రెష్ తల్లిదండ్రులం అర్జీ పెడితే, నగర కార్యాలయం ఆ రిపోర్టుని మా మొహాన పెట్టింది. డీజిల్ పొగ కలిపిన గాలి రెండు గంటలు పీల్చినవాళ్లకీ, శుభ్రం చేసిన గాలి పీల్చినవాళ్లకీ ఊపిరి పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా లేదని అందులో ఉంది. ఇక్కడే, ఈ ఆసుపత్రి వెనక ఉన్న పరిశోధనాలయంలోనే చేశారు. వచ్చే నెల బహిరంగ విచారణ. అర్జీ కొట్టేస్తారని అందరికీ తెలుసు. చుట్టుపక్కల వేరే క్రెష్ లేదు. నేనో మా ఆవిడో ఉద్యోగం మానాలి, లేదా పాప రోజుకి తొమ్మిది గంటలు ఆ గేటు పక్కన ఆడుకోవాలి.

“అందులో తప్పు దొరికిందా?” అనడిగింది.

“లేదండి.”

“దొరకదు. తప్పు కాయితంలో లేదు, కిటికీలో ఉంది,” అని మళ్లీ గొట్టాలు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఆవిణ్ణి అక్కడందరూ గాలక్క అంటారు. డాక్టర్లూ అదే అంటారు, కాంటీన్‌వాళ్లూ అదే అంటారు. పాప మందుల కోసం వారానికోసారి వెళ్లాల్సి వచ్చిన ఆ నెలంతా, వరండా చివరి బల్ల మీద టీ తాగుతూ ఆవిడ తన కథ చెప్పింది. ముక్కలు ముక్కలుగా, మధ్యలో లేచి గొట్టాలు నానబెట్టి వస్తూ చెప్పింది.

గాలక్క తండ్రి ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. ఇరుకు కొట్టు. చిన్నప్పుడు ఆవిడ పని ఒకటే, ఫ్రిజ్ తలుపు రబ్బరు పరీక్షించడం. పల్చటి కాయితం ముక్క పెట్టి తలుపు మూసి, కాయితం లాగాలి. బిగుసుగా వస్తే రబ్బరు బాగున్నట్టు, జారి వచ్చేస్తే చలి అక్కణ్ణుంచి పోతున్నట్టు. పద్దెనిమిదేళ్లప్పుడు పరిశోధనాలయం నుంచి తండ్రికి కబురొచ్చింది. అక్కడ కొత్తగా కట్టిన ఒక గదికి తలుపు సరిగ్గా మూసుకోవడం లేదట. ఇంజినీర్లు వారం రోజులు మీటర్లు పెట్టి వెతికారు. తండ్రి వెంట వచ్చిన ఈవిడ చేతిసంచీలోంచి కాయితం తీసి, తలుపు చుట్టూ జానెడు జానెడు లాగుతూ పోయి, కింది మడతబందు దగ్గర ఆగింది. అంతే. మర్నాటి నుంచి రోజుకూలికి రమ్మన్నారు.

“రోజుకూలీ ఎన్నాళ్లు?” అన్నాను.

“పదకొండేళ్లు. వాళ్లకి నా చదువు అడ్డం, నాకు వాళ్ల చదువు అడ్డం,” అంది.

ఆ గదిని వాళ్లు డబ్బా అంటారు. మామూలు వంటింటంత ఉంటుంది. గోడలు, నేల, కప్పు అంతా మెరిసే ఉక్కు, ఒక పక్కన మందపాటి అద్దం. లోపల ఒక కుర్చీ, కదలని సైకిలు, గోడగడియారం, కూర్చున్న మనిషి ముక్కు దగ్గరికి వచ్చేలా పైనుంచి వేలాడే సన్నటి గొట్టం. లోపలి గాలి ఆ గొట్టంలోంచి, పొగ నుసి ఎంతుందో కొలిచే మీటరుకి వెళ్తుంది. వెనక షెడ్డులో డీజిల్ ఇంజను. దాని పొగని శుభ్రమైన గాలితో కలిపి, కావలసినంత పల్చగా చేసి, వేడీ తేమా సరిచూసి లోపలికి పంపాలి. ఆ కవాటాలు తిప్పే చెయ్యి గాలక్కది. మనుషులు తమంతట తాము ఒప్పుకుని వచ్చేవారు. పదిహేను నిమిషాలు సైకిలు తొక్కి, పదిహేను నిమిషాలు కూర్చుని, అలా రెండు గంటలు. ఒక రోజు పొగ, ఇంకో రోజు శుభ్రమైన గాలి. ఏ రోజు ఏదో వచ్చిన మనిషికి తెలియకూడదు, పరీక్ష చేసే డాక్టరుకీ తెలియకూడదు. తెలిసింది గాలక్క ఒక్కదానికే. అద్దంలోంచి తన మొహం చూసి కనిపెట్టకుండా ఉండాలని ఆవిడ మొహం కదపకుండా ఉండటం నేర్చుకుంది.

“పేకాట నేర్చుకుని ఉంటే వీధి వీధంతా గెలిచేదాన్ని.”

డబ్బాలోకి ఇంకే వాసనా పోకూడదని ఇరవై తొమ్మిదేళ్లు తలకి నూనె రాయలేదు, మొహానికి పౌడర్ రాయలేదు, వాసన సబ్బు ముట్టలేదు. ఆవిడ భర్త దర్జీ. టీ సమయానికి ఒకోసారి ఆసుపత్రికొచ్చి మా బల్ల మీదే కూర్చునేవాడు. “మా చుట్టాలు సెంటు కొట్టుకుని వస్తే గుమ్మంలోనే తనిఖీ అండీ,” అన్నాడొకసారి. “మా చెల్లెలైతే మీ ఇల్లేమైనా విమానాశ్రయమా వదినా అని అలిగి వెళ్లిపోయింది.”

“నువ్వు ఆపు,” అంది గాలక్క. “బట్ట ఇస్త్రీ చేసిన వాసన కూడా నాకు అక్కడ తెలిసేది.”

ఇంత చేసిన మనిషి గురించి ఒక్క రిపోర్టులోనూ ఒక్క ముక్క ఉండదు. ఆఖరి పేజీలో ‘సాంకేతిక సిబ్బందికి కృతజ్ఞతలు’ అని ఉంటుంది, అంతే. అది చదివిన మూడుసార్లూ ఆ వాక్యం మీదుగా నేనూ గబగబా దాటిపోయాను.

కిందటేడు జరిగిన పరీక్షలో నలభై మంది. డబ్బాలోకి వెళ్లే ముందు గంటసేపు పక్క గదిలో కూర్చోవాలి. నడిచొచ్చిన ఆయాసం తగ్గాలి, గుండె కుదుటపడాలి. ఆ తర్వాత ఊపిరి పరీక్ష, తర్వాత డబ్బా, తర్వాత మళ్లీ పరీక్ష. ఆ పక్క గది మునుపు సామాన్లు పెట్టుకునేది. ఒక కిటికీ, దానికి ఎప్పుడో రంగు పూసి మూసేశారు. పరీక్షలు మొదలైన రెండో వారంలో, సినిమా హాల్లో టికెట్లు అమ్మే అమ్మాయి వచ్చి కూర్చుని, “అక్కా, ఇక్కడ గాలాడట్లేదు. నాకు కళ్లు తిరుగుతున్నాయి,” అంది.

గాలక్క చాకుతో రంగు గీకి, కిటికీ బెత్తెడు తెరిచింది. టికెట్లమ్మాయి హాయిగా ఊపిరి పీల్చి, “ఇప్పుడు బతికాను,” అంది. మర్నాడు వచ్చినవాళ్లూ అలాగే ఉంచమన్నారు. నాలుగు నెలలు అలాగే ఉంది.

“అవతల ఏముందో చూళ్లేదా?” అని అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

“గోడుంది. గోడే చూశాను. గోడకవతల ఆసుపత్రి సామాన్ల లారీలు ఆగే చోటని నాకు తెలుసు, తెలిసీ ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు. ఎందుకంటావా? నా పని డబ్బా. డబ్బాలో చీమ తుమ్మినా నాకు తెలిసేది. పక్క గది నా పని కాదనుకున్నాను.”

ఆఖరి వారంలో కొత్త మీటరు ఒకటొచ్చింది. వాడే ముందు గంటసేపు ఊరికే నడపాలి. ఎక్కడా చోటు లేక పక్క గది బల్ల మీద పెట్టి మీట నొక్కింది. కాసేపటికొచ్చి చూస్తే అంకె నూట ఎనభై. డబ్బాలో వాళ్లు లెక్కగా కలిపే పొగ మూడు వందలు. శుభ్రమైన గాలి రోజున నాలుగో అయిదో దాటకూడదు. మీటరు పాడయిందనుకుని డబ్బాలోకి తీసుకెళ్తే నాలుగు. మళ్లీ బల్ల మీదకి తెస్తే నూట తొంభై. కిటికీ మూసి, నిలబడి చూసింది. ముప్పావుగంటలో ముప్పైకి దిగింది.

“అప్పుడు కూర్చున్నాను, తమ్ముడూ. వాళ్లు కూర్చున్న బల్ల మీదే కూర్చున్నాను.”

ఇది వింటూ నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ పొగ పని చేసేది పీల్చిన క్షణంలో కాదు, గంటా రెండు గంటలు పోయాక. అంటే శుభ్రమైన గాలి రోజున కూడా ఆ నలభై మందిలో దాదాపు అందరూ పొగ మింగాకే డబ్బాలోకి వెళ్లారు. అది లోపల కూర్చున్న రెండు గంటల్లో బయటపడింది. పొగ పెట్టిన రోజునా ఊపిరి తగ్గింది, శుభ్రమైన గాలి రోజునా తగ్గింది. రెంటికీ తేడా లేదు. తేడా లేదు కాబట్టి పొగతో ఏం కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని లారీలు నా కూతురి ముక్కు ముందు నిలబడుతున్నాయి.

గాలక్క ఆ సాయంత్రమే ప్రొఫెసరు గారి గదికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తిడతారనుకుంది. నాలుగు నెలల పరీక్ష మొత్తం మళ్లీ చెయ్యాలంటారనుకుంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, చాలా మర్యాదగా అన్నాడట: “పరీక్ష పద్ధతి రాసుకున్న కాయితంలో కిటికీ అనే మాటే లేదు కదమ్మా. లేనిదాన్ని ఎక్కడని రాస్తాం?”

“ఉన్న కిటికీని లేదంటే ఎట్లా సార్?”

“నువ్వు వెళ్లి పని చూసుకో.”

ఆవిడ వెళ్లి పని చూసుకుంది. డబ్బా దగ్గరుండే రోజువారీ పుస్తకంలో ఆవిడ రాయాల్సిన గడి ఒకటుంది. అందులో రాసింది: ‘పక్క గది కిటికీ రెండో వారం నుంచి ఇవాళ్టిదాకా తెరిచి ఉంది. తెరిచింది నేను. మీటరు చూపింది 180, 190.’ కింద సంతకం పెట్టింది. మూడో రోజున బదిలీ కాయితం చేతికొచ్చింది. ఆసుపత్రి వైపు, గొట్టాలు కడిగే పనికి. రెండు నెలల తర్వాత రిపోర్టు వచ్చింది. అందులో కిటికీ ఊసే లేదు. ఇరవై నుంచి ముప్పై అయిదేళ్ల ఆరోగ్యవంతుల మీద చేసిన, అదీ పాడైపోయిన పరీక్షని, మూడేళ్ల పిల్లలున్న రోడ్డుకి అతికించారు. ఆ అతికించినవాళ్ల పిల్లలెవరూ ఆ రోడ్డులో లేరు. నీళ్ల ల్యాబులో సీసా ఎక్కడ ముంచామో రాయకపోతే మా ఆఫీసరు ఆ సీసాని ఎదురుగా సింకులో పారబోయిస్తాడు. చెరువు గట్టున ముంచిన నీళ్లని చెరువు మధ్యలోవని రాస్తే ఉద్యోగం పోతుంది. గాలికి మాత్రం అదేమీ అక్కర్లేదు కాబోలు.

“విచారణకి వచ్చి ఇది చెప్తారా అక్కా?” అని అడిగాను.

పర్మనెంటైన ఇరవై ఏళ్లకిచ్చే పెన్షను ఆవిడకి రావాలంటే ఇంకా ఇరవై నెలలుంది. దానికన్నా పెద్దది ఇంకోటుందని ఆవిడ గొంతులో తెలిసింది. “నా తలుపు ఎప్పుడూ కారలేదని చెప్పుకుంటూ బతికాను. నలుగుర్లో నిలబడి, ఇంత పరీక్ష చెడగొట్టింది నేనేనని నా నోటితో చెప్పాలి. అంతే కదా?”

“మీరొక్కరే కాదు కదా...”

“తెరిచిన చెయ్యి నాదే కదా.”

పక్కనున్న భర్త గ్లాసులో అడుగున మిగిలిన టీ తిప్పుతూ అన్నాడు. “వెళ్లి చెప్పు. ఆర్నెల్ల నుంచి రోజూ నాకు చెప్తున్నావు. నాకు బట్టతలొచ్చింది గానీ లారీ ఒక్కటీ మళ్లలేదు.”

విచారణ నగర కార్యాలయంలో, పై అంతస్తు హాల్లో. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి తిరగని ఫ్యాను. అధికారిణి ఒక నడివయసావిడ. ప్రొఫెసరు గారు మొదటి వరసలో ఉన్నారు. మా తరఫున నేను మాట్లాడాను, పాప సంగతి చెప్పాను. అధికారిణి జాలిగానే చూసి, “మీ బాధ అర్థమైంది. కానీ నా ముందు శాస్త్రీయమైన రిపోర్టు ఉంది,” అంది. అప్పుడు గాలక్క లేచింది. కాటన్ చీర, వాసన లేని మనిషి. తిన్నగా వెళ్లి మైకు ముందు నిలబడి, ఉపోద్ఘాతం లేకుండా, “ఆ రిపోర్టు చెడింది నా వల్లనండి,” అంది.

హాల్లో ఎవరో నవ్వారు. ఆవిడ కిటికీ సంగతి మొదలుపెట్టి, టికెట్లమ్మాయి కళ్లు తిరగడం దగ్గర్నుంచి మీటరు అంకెల దాకా, ఏ రోజు ఏం జరిగిందో వరసగా చెప్పింది. గొంతు పెంచలేదు.

ప్రొఫెసరు గారు కూర్చునే అన్నారు. “మేడమ్, ఈమె కడిగే విభాగంలో పనిచేస్తుంది.”

“అవునండి, కడుగుతాను,” అంది గాలక్క ఆయన వైపు తిరిగి. “పిల్లలు ఊదిన గొట్టాలు కడుగుతాను. ఆరు నెలల్నుంచి గిడ్డంగుల రోడ్డు పిల్లలు ఎంతమంది ఊదారో నన్నడగండి, చెప్తాను. ఇరవై తొమ్మిదేళ్లు మీ డబ్బాలో గాలి కలిపింది కూడా నేనేనండి. అప్పుడు నా పని పనికొచ్చింది.”

“ఈ కిటికీ సంగతికి ఆధారం?” అంది అధికారిణి.

“ఆ రోజు పుస్తకంలో రాశానండి. అది ఉందో లేదో నాకు తెలీదు. లేకపోతే ఆధారం ఇదే,” అని కుడిచెయ్యి ఎత్తి చూపించింది.

పుస్తకం తెప్పించమన్నారు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. పేజీ ఉండదని నాకు తెలుసు, ఎవరైనా చింపేసి ఉంటారు. పుస్తకం వచ్చింది. అధికారిణి పేజీలు తిప్పింది. ఆగింది. పైకే చదివింది.

పేజీ ఉంది. నా రక్తం మరిగింది అక్కడే. దాచలేదు, చింపలేదు, కొట్టెయ్యలేదు. గొట్టాలు కడిగే మనిషి రాసిన మూడు వాక్యాలని ఎవరైనా అడుగుతారని వాళ్లకి తోచనే లేదు. చింపే శ్రమ కూడా దానికి దండగనుకున్నారు.

రిపోర్టుని లెక్కలోకి తీసుకోవడం లేదని అధికారిణి రాసింది. మళ్లీ పరీక్ష జరిగేదాకా, క్రెష్ తెరిచి ఉండే వేళల్లో లారీలు ఆ రోడ్డులో ఆగకూడదంది. సంతోషించాను, అబద్ధం ఎందుకు. తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. పరిశోధనాలయం విచారణ వేసుకుని, ఈ మొత్తం వ్యవహారంలో ఒకే ఒక్కరికి మెమో ఇచ్చింది. ‘అనుమతి లేకుండా కిటికీ తెరిచినందుకు.’ కిటికీని రిపోర్టులోకి రానివ్వని ప్రొఫెసరు గారు ఇప్పుడు కొత్త పరీక్షకి కూడా పెద్ద. గాలక్క మెమోని మడిచి టీ గ్లాసు కింద పెట్టింది. “గ్లాసు కుదురుగా నిలబడింది,” అంది భర్త వైపు చూసి.

నెల తిరక్కముందే నగర కార్యాలయంవాళ్లు మా క్రెష్ దగ్గర మీటరు పెట్టారు. లారీలు గేటు ముందు ఆగడం మానేసి నలభై అడుగుల అవతల, మలుపులో ఆగుతున్నాయి. మీటరు అంకె ముప్పై అయిదు, పర్లేదన్నారు. పాప దగ్గు తగ్గింది గానీ పోలేదు. ఆ అంకె చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను. గాలక్కకి చెప్పాను. ఆదివారం కాని రోజు చూసుకుని, సెలవు పెట్టి మరీ వచ్చింది.

గేటు దగ్గర నిలబడి తలెత్తి చూసింది. మీటరు రెండంతస్తుల మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఉంది.

“అక్కడెవరుంటారు, పావురాలా?”

ఆవిడ సంచీలోంచి ఒక చిన్న మీటరు తీసింది, ఆసుపత్రిలో డాక్టరమ్మ దగ్గర అడిగి తెచ్చింది. దాని గొట్టాన్ని నా ఛాతీ ఎత్తులో పట్టుకుంది. అరవై. తర్వాత చీర కుచ్చెళ్లు సర్దుకుని గేటు ముందు గొంతుక్కూర్చుని, పాప ముక్కు ఎత్తున పట్టుకుంది. మలుపులోంచి ఒక లారీ కదిలింది. దాని పొగగొట్టం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంది. నూట పది.

నా మొహం చూసి అంది: “పెద్ద అంకె వింటే వణకొద్దు, చిన్న అంకె వింటే నవ్వొద్దు. ఎవరు ఏ అంకె చెప్పినా, గొట్టం ఎక్కడ పెట్టారో అడుగు. అడిగి ఊరుకోకు. అక్కడికి పోయి, పిల్లంత ఎత్తుకి కూర్చుని చూడు. నేను పక్క గదిలో ఒక్కసారి కూర్చుని ఉంటే సరిపోయేది.”

రెండో అర్జీలో అదే రాశాం, ఆ మూడు అంకెలూ, మూడు ఎత్తులూ. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా, పాపని దింపే ముందు రోజూ ఆ గేటు దగ్గర గొంతుక్కూర్చుంటున్నాను. పాప కూడా నా పక్కనే కూర్చుని, “నాన్నా, ఏం చూస్తున్నావ్?” అంటుంది. వచ్చేపోయేవాళ్లు నేను బూట్ల లేసులు కట్టుకుంటున్నాననుకుంటారు. నేను వేసుకునేది చెప్పులు.